దుప్పటి డాక్టరమ్మ

ఆ ఆసుపత్రిలో అందరూ ఆమెను ఎదురుపడితే "మేడమ్" అనేవారు, వెనక్కి తిరగ్గానే "దుప్పటి డాక్టరమ్మ" అనేవారు. ఆ పేరు పెట్టింది ఎవరో ఆమెకు తెలుసు. థియేటరు హెడ్ సిస్టరే. సిస్టరుది నోటి దురుసే గానీ మనసు వెన్న. అందుకని డాక్టరమ్మ ఎప్పుడూ నిలదీయలేదు. పైగా పేరు ఎంత చక్కగా అతికిందంటే, కాదని పోట్లాడటానికి కూడా లేదు.

ఆమె పని ఆపరేషన్లకు మత్తివ్వడం. బస్టాండు వెనక వీధిలో, మందుల షాపుకీ టైర్ల షాపుకీ మధ్య ఇరుక్కున్న రెండంతస్తుల ఆసుపత్రి అది. కింద డాక్టర్ల గదులు, పైన వార్డులు, వార్డుల చివర ఒకే ఒక్క ఆపరేషన్ థియేటరు. కోసేది ఒక పెద్ద సర్జను, మత్తిచ్చేది ఈమె. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "పొద్దస్తమానం మనుషుల్ని నిద్రపుచ్చి వస్తాను, ఇంటికొచ్చి ఇంకొకరి గురక వినే ఓపిక నాకు లేదు" అని నవ్వేసేది. అక్కాబావల ఇంటికి దగ్గర్లోనే ఒక చిన్న వాటాలో ఒంటరిగా ఉండేది. నెమ్మదైన మనిషి. కానీ లోపల మాత్రం ఎప్పుడూ ఏదో ఒక బెంగ పీకుతూనే ఉండేది. తాళం వేసి, కప్ప లాగి చూసి, సందు చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి లాగి చూసే రకం. మత్తు పనికి అలాంటి మనిషే కావాలని సర్జను గారు అంటూ ఉండేవారు.

ఆమె దృష్టిలో మత్తు డాక్టరు పని థియేటరు తలుపు దగ్గర మొదలై, ఆ తలుపు దగ్గరే అయిపోతుంది. రోగిని నిద్రపుచ్చాలి, ఊపిరినీ గుండెనీ కనిపెట్టుకుని ఉండాలి, భద్రంగా లేపాలి. రోగి కళ్ళు తెరిచి తన పేరు తాను చెప్పాడంటే ఆమెకు సగం బరువు దిగిపోయేది. ఆ తర్వాత కుట్లు, కట్లు, గాయం మానడం, చీము పట్టడం అన్నీ సర్జను గారి వంతు. చదువుకునేటప్పుడు అలాగే విన్నది, ఇన్నేళ్ళూ అలాగే నడుచుకుంది.

ఒక వానాకాలంలో ఆ నమ్మకం తలకిందులైంది.

ఆపరేషన్ గాయాలు ఒకదాని తర్వాత ఒకటి చెడటం మొదలైంది. ముందు హెర్నియా ఆపరేషన్ చేయించుకున్న వడ్రంగి. తర్వాత పిత్తాశయం తీయించుకున్న ఒక స్కూలు టీచరు. ఆపైన పేగు మెలిపడి వచ్చిన లారీ డ్రైవరు. కుట్లు ఎర్రబడటం, జ్వరం, చీము. సర్జను గారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. థియేటరు గోడలు కడిగించారు. కత్తులూ కత్తెర్లూ ఉడికించే యంత్రాన్ని విప్పించి చూశారు. కుళాయి నీళ్ళు పరీక్షకు పంపించారు. నేల తుడిచే ఆయమ్మ మొదలుకొని హెడ్ సిస్టరు దాకా అందర్నీ నిలబెట్టి కడిగేశారు. మత్తు డాక్టరమ్మని మాత్రం ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

మొదట ఆమెకు హమ్మయ్య అనిపించింది. ఆ సాయంత్రమే వార్డు మీదుగా వెళ్తుంటే వడ్రంగి పిలిచాడు.

"డాక్టరమ్మా, ఒక్కమాట. ఆపరేషన్ అయ్యాక నన్ను ఏ మంచుగడ్డ మీద పడుకోబెట్టారండీ? పళ్ళు టకటకా కొట్టుకుని నాలుక తెగిపోతుందనుకున్నా. నొప్పినైనా మర్చిపోయాను గానీ ఆ చలి మర్చిపోలేకపోతున్నా."

"మత్తు దిగేటప్పుడు వణుకు మామూలేనయ్యా" అంది, అందరికీ చెప్పినట్టే.

అన్నదే గానీ ఆ 'మామూలే' అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంటికి వెళ్ళి, చదవాలని పక్కన పడేసిన వైద్య పత్రికలన్నీ ముందేసుకుని కూర్చుంది. మత్తులో ఉన్న ఒళ్ళు తన వేడిని తాను కాపాడుకోలేదు. ఒళ్ళు చల్లబడితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోతాయి, కోసినచోటికి రక్తం సరిగా చేరదు. రక్తం చేరనిచోట క్రిములతో పోట్లాడే దిక్కు ఉండదు. యాంటీబయాటిక్ ఇంజెక్షను కత్తి పెట్టడానికి కాస్త ముందే ఒంట్లోకి వెళ్ళాలి. మరీ ముందిస్తే ఆపరేషన్ వేళకు దాని బలం తగ్గిపోతుంది, కోసేశాక ఇస్తే ఆలస్యమైపోతుంది. వాళ్ళ ఆసుపత్రిలోనేమో అది పొద్దున్నే వార్డులో ఇచ్చేసేవారు. సర్జను గారు కింద రోగుల్ని చూసుకుని పైకి వచ్చేసరికి పొద్దెక్కిపోయేది. ఇంకా ఉంది. రోగి నోట్లో ఊపిరి గొట్టం పెట్టిన చేతులతోనే మత్తు డాక్టరు మిషను మీటలు తిప్పి, అవే చేతులతో సెలైను గొట్టంలోకి మందు ఎక్కిస్తే, నోట్లోని క్రిములు నేరుగా రక్తంలోకి దారి చూసుకుంటాయి.

అది చదివి ఆమె తన రెండు చేతులకేసి చూసుకుంది. వడ్రంగి, టీచరు, డ్రైవరు ముగ్గురూ కళ్ళముందు నిలబడ్డారు. వాళ్ళ గాయాలు తనవల్లే చెడ్డాయని చెప్పడానికి రుజువు లేదు. కాదని చెప్పడానికీ లేదు. రుజువు లేని ఆ అనుమానం ఆమెను ఆ తర్వాత ఎన్నడూ పూర్తిగా వదల్లేదు.

మర్నాడు సర్జను గారి గదిలోకి వెళ్ళి విషయం చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"అంటే ఏంటమ్మా, నేను కోసిన గాయానికి నీ దుప్పటి కాపలా కాస్తుందా?"

"దుప్పటొక్కటే కాదు సర్. నా వైపు కూడా చూసుకోవాల్సినవి ఉన్నాయంటున్నాను. ఇంజెక్షను ఇకమీదట థియేటర్లో నేనే ఇస్తాను. రోగిని కప్పేదాకా ఏసీ తగ్గించి పెట్టుకుందాం."

"నేను ఆ గౌన్లో, ఆ లైట్ల కింద ఉడికిపోతాను. నా చెమట రోగి కడుపులో పడితే అప్పుడేం చేస్తావు?"

"కప్పాక మీకు కావలసినంత చల్లగా పెట్టుకోండి."

ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. అప్పట్నుంచి మత్తు డాక్టరమ్మ అవతారం మారిపోయింది. వార్డు నుంచి తోసుకొచ్చే బండి మీదే రోగికి దుప్పటి కప్పించేది. తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు. గొడవపడి మరీ వేడిగాలి యంత్రం ఒకటి తెప్పించింది. గొట్టంలోంచి వెచ్చటి గాలి వచ్చి పల్చటి కాగితం దుప్పటిని బుడగలా ఉబ్బిస్తుంది. అది రోగి మీద పరుస్తారు. రోగి నోట్లో ఊపిరి గొట్టం పెట్టిన వెంటనే తొడుగులు తీసి చేతులు శుభ్రం చేసుకోకుండా దేన్నీ ముట్టుకునేది కాదు, ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు.

"మా మేడమ్ ఆపరేషన్ చేయించుకోవడానికి వచ్చినవాళ్ళని కాపురానికి పంపినట్టు సాగనంపుతుంది. దుప్పటీ, మేజోళ్ళూ, టోపీ. ఇక దిండొకటే తక్కువ" అని హెడ్ సిస్టరు మేలమాడేది. పేరు అలా వచ్చింది.

చెడే గాయాలు తగ్గాయి. పూర్తిగా పోలేదు గానీ తగ్గాయి. గోడలు కడిగించినందుకో, ఇంజెక్షను వేళకు పడ్డందుకో, వెచ్చగా ఉంచినందుకో ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. సర్జను గారు గోడలన్నారు. సిస్టరు దుప్పటంది.

అలా ఉండగా అక్క సంగతి బయటపడింది.

అక్క దర్జీ. మార్కెట్టు మలుపులో చిన్న షాపు, అందులో స్కూలు యూనిఫారాల గుట్టలు. చెల్లెలికి ఎంత బెంగో అక్కకి అంత ధీమా. సుగరు ఉన్న మనిషే గానీ దాన్ని చుట్టపుచూపుగా వచ్చిన బంధువులా చూసేది, ఎప్పుడో ఒకప్పుడు దానంతటదే వెళ్ళిపోతుందన్నట్టు. ఒకరోజు షాపులో కూర్చుని టీ తాగుతుంటే డాక్టరమ్మ కళ్ళు అక్క జాకెట్టు పక్క కుట్టు మీద పడ్డాయి. కొత్త దారంతో బిగించి ఉంది. దాని లోపలి వైపు ఇంకో కుట్టు.

"ఇది రెండుసార్లు బిగించావా?"

"వదులైంది. బిగించా. దర్జీదాన్ని, వదులు బట్టలేసుకు తిరిగితే షాపు పరువేం కావాలి?"

"అక్కా, ఎంత తగ్గావు?"

"నడుము సన్నబడితే సంతోషించక ఏడుపు మొహం పెడతావేంటే?"

"ఇంకేమైనా ఉందా? నిజం చెప్పు."

అక్క మిషను చక్రం మీద చెయ్యి పెట్టింది. "బాత్రూములో అప్పుడప్పుడూ రక్తం పడుతోంది. మొలలనుకున్నా. నీకు చెబితే నిద్ర మానేస్తావని చెప్పలేదు."

డాక్టరమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి, అప్పటికప్పుడే అక్కను పరీక్షలకు బయల్దేరదీసింది.

పరీక్షల్లో పెద్దపేగులో గడ్డ ఉందని తేలింది. ఇంకా ఎటూ పాకలేదు, తొందరగా తీసేస్తే మంచిదన్నారు సర్జను గారు. అన్ని ఆపరేషన్లలోకీ పేగు ఆపరేషనుకే గాయం చెడే భయం ఎక్కువ, ఎందుకంటే కోసేదే క్రిముల పుట్టను. దానికి తోడు సుగరు. అప్పుడప్పుడూ పక్క ఊరి నుంచి వచ్చి సాయం చేసే మత్తు డాక్టరు కాలు విరిగి మంచంలో ఉన్నాడు. "సొంత మనిషికి నేనివ్వకూడదు. పెద్ద ఆసుపత్రికి వెళదాం" అని డాక్టరమ్మ బతిమాలింది.

"ఇంతకాలం ఊళ్ళోవాళ్ళందరికీ ఇచ్చి నాకు మాత్రం పరాయివాడి చేత ఇప్పిస్తావా? నేను రాను పో" అంది అక్క.

"నా చెయ్యి వణికితే?"

"నీకు మనసు వణుకుతుందే గానీ చెయ్యి ఎప్పుడూ వణకదు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాగా."

ఆపరేషన్ రోజు పొద్దున అక్క సుగరు చుక్కల్లోకి వెళ్ళి కూర్చుంది. ధీమాగా కనిపించే మనిషి లోపల ఎంత భయపడుతోందో ఆ అంకెను చూస్తే తెలిసింది. సర్జను గారు అప్పటికే టోపీ పెట్టుకున్నారు.

"ఇన్సులిన్ ఇచ్చి మొదలుపెడదామమ్మా. ఇంతకంటే ఎక్కువున్నవాళ్ళకి కూడా చేశాం కదా."

"అందుకే సర్, వద్దంటున్నాను."

ఆయన ఆమె మొహంలోకి చూశారు. టోపీ తీసేశారు. బయట బావ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వాయిదా పడిందని చెప్పగానే ఆయన మొహం పాలిపోయింది.

"ఏమైందమ్మాయ్? చెయ్యలేమన్నారా?"

"కాదు బావా. సుగరు దించి రేపు చేద్దామన్నాను. ఒక్కరోజు."

"రేపు కచ్చితంగానా?"

ఆమె తలూపింది.

మర్నాటికి సుగరు దారికొచ్చింది. థియేటర్లో అక్కకు మేజోళ్ళు తొడుగుతూ హెడ్ సిస్టరు ఒక్కసారీ మేలమాడలేదు. ఆ నిశ్శబ్దం డాక్టరమ్మను ఇంకా భయపెట్టింది. అక్క మాత్రం వేడిగాలి దుప్పటిని తడిమి చూసి, "ఇదేం బట్టే, కుట్టే లేదు" అంటూనే నిద్రలోకి జారింది. డాక్టరమ్మ ఊపిరి గొట్టం పెట్టింది. తొడుగులు తీసింది. చేతులు శుభ్రం చేసుకుంది. సరిగా చేసుకున్నానా అని అనుమానమొచ్చి మళ్ళీ చేసుకుంది. యాంటీబయాటిక్ అంతకు ముందే స్వయంగా ఎక్కించింది.

"మొదలుపెట్టనా?" అన్నారు సర్జను గారు.

ఆమె గడియారం చూసి, అక్క మొహం చూసి, "పెట్టండి" అంది.

లోపల గడ్డ అనుకున్నంత సులువుగా లేదు. పక్కనున్న కండకు అంటుకుపోయి ఉంది. దాన్ని దారం దారంగా విడదీయాల్సి వచ్చింది. పని సాగుతూనే ఉంది. సరిగ్గా కడుపు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు వేడిగాలి యంత్రం ఒక్కసారి గురగురమని ఆగిపోయింది. ఉబ్బిన దుప్పటి చప్పబడి అక్క ఛాతీకి అంటుకుపోయింది. సిస్టరు ప్లగ్గు మార్చింది, యంత్రాన్ని చేత్తో చరిచింది. కదల్లేదు.

తెరమీద అక్క ఒంటి వేడి చూపించే అంకె దిగడం మొదలైంది. కొంచెం, ఇంకొంచెం. డాక్టరమ్మకు ఆ అంకె తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"సర్, చల్లబడుతోంది."

సర్జను గారు తలెత్తలేదు. "ఏసీ ఆపెయ్యండి" అన్నారు.

"సర్, మీకు..."

"నా సంగతి వదిలెయ్యి. ఆపమన్నానా!"

సిస్టరు ఒక్క పరుగున వెళ్ళి వార్డులో ఉన్న దుప్పట్లన్నీ మోసుకొచ్చింది. కోసిన చోటును వదిలేసి చేతులకూ, భుజాలకూ, తలకూ చుట్టేశారు. సెలైను సీసాలను వెచ్చటి నీళ్ళలో ఉంచి ఒకటొకటిగా ఎక్కించారు. గది కొలిమిలా అయిపోయింది. సర్జను గారి నుదుట చెమట బొట్టు కట్టగానే సిస్టరు గుడ్డతో అద్దేది. ఆయన చేతులు ఆగేవి, మళ్ళీ కదిలేవి. ఆపరేషన్ పొడుగైంది కాబట్టి డాక్టరమ్మ యాంటీబయాటిక్ రెండో మోతాదు ఇచ్చింది. అంకె దిగడం ఆగింది. చాలాసేపు అక్కడే నిలబడి, పాకే పసిపిల్లలా మెల్లగా పైకి రావడం మొదలుపెట్టింది.

అక్క వణక్కుండా లేచింది. కళ్ళు సగం తెరిచి, నాలుక తడబడుతుంటే, "కుట్లు సరిగ్గా వేశాడా?" అని అడిగింది. సర్జను గారు గౌను పిండితే నీళ్ళు కారేలా తడిసి ఉన్నారు. ఆయన నవ్వారు. డాక్టరమ్మ బావకు చెప్పడానికి బయటికొచ్చింది. ఆమె కళ్ళు చూసే ఆయన అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చేశాడు.

కొన్ని రోజులు బాగానే గడిచాయి. అక్క లేచి నడిచింది. పక్క మంచం ఆవిడ గౌను కుట్టులో తప్పులు పట్టింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం జ్వరం వచ్చింది.

డాక్టరమ్మ చెయ్యి అక్క నుదుటి మీద పెట్టి తీయలేకపోయింది. కట్టు విప్పి చూస్తే గాయం కింది చివర ఎర్రగా, గట్టిగా ఉంది. వేలితో నొక్కితే అక్క "అబ్బా" అంది. లోపల పేగు కుట్టు వదిలి ఉంటే ఇక అంతే. అందరి మొహాల మీదా అదే ఉంది. స్కాన్‌కు తీసుకెళ్ళారు. స్కాన్ గది బయట బావా మరదళ్ళిద్దరూ ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోలేక నేల చూపులు చూశారు. ఆమె మనసు ఆ థియేటర్లోనే తిరుగుతోంది. యంత్రం ఆగినప్పుడు కంగారులో ఏ చేత్తో ఏం ముట్టుకున్నాను? సీసా మార్చినప్పుడు మూత తుడిచానా? తుడిచాననే గుర్తు. ఆ గుర్తు నిజమో, మనసు అల్లుకున్నదో తెలియలేదు.

సర్జను గారు బయటికొచ్చారు. "లోపల కుట్టు గట్టిగా ఉంది. చీము పైపైనే. రెండు కుట్లు విప్పి కడిగితే సరిపోతుంది."

బావ ఆయనకు దణ్ణం పెట్టాడు. డాక్టరమ్మ మాత్రం ఆయన వెనకే వెళ్ళి, ఖాళీ గది దగ్గర ఆపింది.

"సర్, నా వల్లేనా?"

"నీ వల్ల కావచ్చు. నా వల్ల కావచ్చు, అంతసేపు తీశాను కదా. సుగరు వల్ల కావచ్చు. పేగులోది ఒక్క బొట్టు చాలు. ఎవరని చెబుతాం?"

"యంత్రం ముందే చూసుకుని ఉండాల్సింది."

"చూసుకోవాల్సింది. ఇకమీదట చూద్దాం." తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "ఒక్క మాట చెప్పనా అమ్మా? ఈ గాయం పైపైనే ఆగింది. చల్లటి ఒంటితో, ఆ సుగరుతో మొదటి రోజే కోసి ఉంటే ఇక్కడ ఆగేదని నేను చెప్పలేను."

ఓదార్పుగా ఉండాల్సిన ఆ మాట ఆమెను ఏడిపించింది. దుప్పట్లు మడతపెట్టే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి హెడ్ సిస్టరు వచ్చి, పక్కన కూర్చుని దుప్పట్లు మడతపెడుతూ ఉండిపోయింది.

గాయం నింపాదిగా మానింది. రోజూ కడగాలి, కొత్త కట్టు కట్టాలి. బావ ఆ పని నేర్చుకుని, వాచీ రిపేరు చేసేవాడిలా ఊపిరి బిగబట్టి చేసేవాడు. అక్క అద్దంలో మచ్చ చూసుకుని, "కింద చివర్న ముడత పడింది. మీ సర్జన్ని నా షాపుకు పంపు, వారంలో నేర్పేస్తా" అంది. ఆ మాట వార్డంతా పాకి ఆయన చెవిన పడింది. ఆయన కోప్పడకుండా మరుసటి నెల తన ప్యాంటు కురచ చేయించుకోవడానికి నిజంగానే ఆ షాపుకు వెళ్ళారు.

డాక్టరమ్మకు మాత్రం కొత్త అలవాటొకటి పట్టుకుంది. తను మత్తిచ్చిన ప్రతి మనిషి మంచం దగ్గరికీ రోజూ వెళ్ళి గాయం చూడటం. కొన్ని గాయాలు ఇప్పటికీ చెడుతుంటాయి. చెడ్డప్పుడల్లా మొదట తన వైపు ఏం జరిగిందో అడుగుతుంది. ఆ ప్రశ్న ఇప్పుడు థియేటర్లో అందరూ అడుగుతారు, సర్జను గారితో సహా. అంతమాత్రాన ఆమెకు నిద్ర బాగా పడుతోందని కాదు.

అక్కకు కొన్ని నెలలకోసారి పరీక్ష ఉంటుంది. వెళ్ళిన ప్రతిసారీ డాక్టరమ్మకు రెండురోజుల ముందు నుంచే తిండి సయించదు. కిందటిసారి కూడా ఇద్దరూ కలిసే వెళ్ళారు. లోపలి డాక్టరు ఫిల్ములు వెలుతురుకు పట్టి చూస్తున్నంతసేపూ చెల్లెలు అక్క చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, అక్కే విదిలించుకోవాల్సి వచ్చింది.

"ఈసారికి ఏమీ లేదు" అన్నాడాయన.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డారు. ఎండ చురుక్కుమంటోంది. వచ్చే పరీక్ష ఎప్పుడో డాక్టరమ్మ అప్పుడే వేళ్ళమీద లెక్కపెట్టుకుంటోంది. అక్క ఆమె వేళ్ళు మూసేసి, ఎదురుగా వెళ్తున్న బండిని చూపించింది.

"అదుగో, వేరుశెనక్కాయలు. ఆకలేస్తోంది, కొనిపెట్టు."